పదిహేడో శతాబ్దపు శాస్త్ర చర్చను ఉత్తరాల వెంట చదవడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

తెల్లని కాంతిలో అన్ని రంగులూ ఉన్నాయని న్యూటన్ చూపించాడనీ, దాన్ని సమకాలికుడైన హుక్ వ్యతిరేకించాడనీ, చివరికి న్యూటనే గెలిచాడనీ మనం బడిలో రెండు వాక్యాల్లో చదువుకున్నాం. ఆ చర్చ జరిగిన కాగితాలను తెరిచి చూస్తే ఇద్దరి మధ్య వాదం కనిపించదు. అందులో కనీసం ఏడుగురు మనుషులు, మూడు నాలుగు భాషలు, రెండు పంచాంగాలు, అందరి ఉత్తరాలనూ మధ్యలో అందుకుని పంచిన ఒక కార్యదర్శి ఉన్నారు. తమను 'ప్రకృతి తత్వవేత్తలు' అని పిలుచుకున్న ఆ కాలపు పండితుల చర్చను మొదటిసారి మూలంలో చదవబోయే తెలుగు పాఠకుల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఒక మోస్తరు ఇంగ్లీషు, ఒక నోటుపుస్తకం, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఉదాహరణగా మొదటినుంచి చివరిదాకా న్యూటన్ రంగుల చర్చనే తీసుకుంటాను, ఎందుకంటే దాని కాగితాలు దాదాపు అన్నీ మిగిలి ఉన్నాయి.

మొదటి మెట్టు: విషయాన్ని కాదు, ఒక ఉత్తరాన్ని ఎంచుకోండి

కొత్తగా వచ్చేవారు సాధారణంగా 'కాంతి' అనో 'వాయుపీడనం' అనో ఒక విషయాన్ని పట్టుకుని వెతకడం మొదలుపెడతారు, రెండు రోజుల్లో దారి తప్పుతారు. అందుకు కారణం ఆ కాలపు చర్చల తీరులోనే ఉంది. లండన్‌లోని పండితుల సభ రాయల్ సొసైటీకి కార్యదర్శి అయిన హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665 మార్చి 6న వెలువరించిన ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ పత్రిక మొదటి సంచికను చూడండి. ఉన్నవి 16 పుటలే. వాటిలోనే రోములో కంపానీ అనే పనివాడు తయారుచేసిన దూరదర్శిని కటకాలు, గురుగ్రహం మీద హుక్ చూసిన మచ్చ, తోకచుక్క గమనం, చలి గురించి బాయిల్ రాస్తున్న గ్రంథం, వికృతంగా పుట్టిన ఒక దూడ, జర్మనీ సీసపు ఖనిజం, బెర్ముడా దగ్గర తిమింగలాల వేట, ఓడల్లో లోలక గడియారాల వాడకం, కొద్ది కాలం కిందట కన్నుమూసిన తులూజ్ గణితవేత్త ఫెర్మా గురించిన వార్త, అన్నీ ఉన్నాయి. ఇంట్లో రాసుకునే నెలసరుకుల చీటీలా ఉంటుంది వరస. ఇలాంటి కలగాపులగాన్ని మొదటి పుటనుంచి చదువుకుంటూ పోతే జాబితా తప్ప చర్చ చేతికి దొరకదు.

కాబట్టి జవాబులు పుట్టించిన ఒక ఉత్తరాన్ని పట్టుకోవాలి. మన ఉదాహరణలో అది కేంబ్రిడ్జి నుంచి న్యూటన్ ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన ఫిబ్రవరి 6 నాటి ఉత్తరం. రాయల్ సొసైటీ తన పాత సంచికలను అంతర్జాలంలో ఉచితంగా చదువుకోనిస్తోంది, న్యూటన్ చేతిరాతల పాఠాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. రెండింటినీ పక్కపక్కన తెరిచి పెట్టుకోండి. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

రెండో మెట్టు: తేదీలను సరిచేసుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, నేనూ దాటేశాను. ఆ ఉత్తరం మీద తేదీ 1671 ఫిబ్రవరి అని, దాని మీది విమర్శకు న్యూటన్ ఇచ్చిన జవాబు మీద 1672 జూన్ అని చూసి, ఒక జవాబుకు పదహారు నెలలు ఎందుకు పట్టిందా అని వారం రోజులు కారణాలు వెతికాను. నిజానికి మధ్యలో ఉన్నది నాలుగు నెలలే.

మనకు ఉగాదితో సంవత్సరం మారినట్టే, అప్పటి ఇంగ్లండులో అధికారికంగా మార్చి 25న సంవత్సరం మారేది. అందువల్ల జనవరి నుంచి మార్చి 24 వరకు రాసిన ఉత్తరాలు మన లెక్కలో తర్వాతి సంవత్సరానికి చెందుతాయి. జాగ్రత్తగలవారు 1671/72 అని రెండూ వేసేవారు, మిగతావారు వేసేవారు కాదు. దీనికి తోడు ఇంగ్లండు 1752 వరకు పాత జూలియన్ పంచాంగాన్నే పాటించింది, ఫ్రాన్స్, ఇటలీ, హాలండ్ మాత్రం అప్పటికే మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్‌కు మారిపోయాయి. పదిహేడో శతాబ్దంలో ఈ రెండింటికీ తేడా పది రోజులు. న్యూటన్ కేంబ్రిడ్జిలో ఫిబ్రవరి 6 అని వేసిన రోజు ప్యారిస్‌లో 1672 ఫిబ్రవరి 16. ఈ సంగతి మరిచిపోతే, ప్యారిస్‌కు వెళ్లిన ఉత్తరం దారిలో పట్టిన కాలానికి పది రోజులు అదనంగా కలుస్తాయి, ప్యారిస్ నుంచి వచ్చిన జవాబైతే రాయకముందే లండన్ చేరినట్టు కనిపిస్తుంది.

నోటుపుస్తకంలో ప్రతి ఉత్తరానికీ నాలుగు గడులు గీయండి: రాసిన తేదీ (ఏ పంచాంగమో గుర్తుతో), సభలో చదివిన తేదీ, అచ్చయిన తేదీ, అవతలివారు చదివినట్టు రుజువు దొరికే మొదటి తేదీ. మొదట విసుగు పుట్టించే పని ఇది, కానీ ముందు ముందు సగం చిక్కులను ఇదే విప్పుతుంది.

మూడో మెట్టు: మధ్యలో కూర్చున్న మనిషిని గుర్తించండి

ఆ కాలంలో పండితులు ఒకరికొకరు నేరుగా రాసుకున్నది తక్కువ. ప్యారిస్‌లో 1648లో మరణించే వరకు మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి దెకార్త్, ఫెర్మా, తొరిచెల్లీ వంటివారి మధ్య ప్రశ్నలను అటూ ఇటూ మోశాడు. లండన్‌లో ఆ పనిని 1660ల నుంచి 1677లో చనిపోయే దాకా ఓల్డెన్‌బర్గ్ చేశాడు. అతను జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టాడు. విదేశాలతో అంత ఉత్తరప్రత్యుత్తరం నడిపేవాడి మీద యుద్ధకాలంలో అనుమానాలు రాకుండా ఉంటాయా? డచ్చివారితో పోరు నడుస్తున్న 1667 వేసవిలో అతన్ని లండన్ టవర్‌లో సుమారు రెండు నెలలు బంధించారు. తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి 'గ్రుబెన్‌డోల్' అనే మారుపేరు మీద విదేశీ ఉత్తరాలు తెప్పించుకునేవాడు. ఎక్కడైనా ఆ పేరు కనబడితే కొత్త మనిషి వచ్చాడని రాసుకోకండి.

అతన్ని తపాలా బంట్రోతుగా చూడటం పెద్ద పొరపాటు. లాటిన్, ఫ్రెంచి, డచ్చి భాషల నుంచి ఉత్తరాలను అనువదించేవాడు, కత్తిరించేవాడు, ఘాటైన మాటలను మెత్తబరిచేవాడు, ఎవరి అభ్యంతరాన్ని ఎవరికి పంపాలో తానే నిర్ణయించేవాడు, స్పందించని వారిని పదేపదే అడిగి రాయించేవాడు. నా అంచనాలో రంగుల చర్చకు అసలు రూపకర్త అతనే. అతను ప్యారిస్‌కు ప్రతులు పంపకపోయి ఉంటే అది కేంబ్రిడ్జికీ లండన్‌కూ మధ్య ముగిసిపోయేది. కాబట్టి ప్రతి ఉత్తరం దగ్గరా 'ఇది ఇతని చేతుల్లో ఏ మార్పుకు గురైంది' అని అడగాలి.

నాలుగో మెట్టు: ఉత్తరం, సభ, అచ్చు, ఈ మూడింటినీ విడదీయండి

ఈ మార్గదర్శిలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే కనుక ఇక్కడ నిదానించాలి.

న్యూటన్ ఉత్తరం ఫిబ్రవరి 8న రాయల్ సొసైటీ సభలో చదివారు. పరిశీలించి అభిప్రాయం చెప్పమని కొందరిని నియమించారు, వారిలో హుక్ ఒకడు. వారం తిరగకుండానే, ఫిబ్రవరి 15న, హుక్ విమర్శ సభ ముందుకు వచ్చింది. ఉత్తరం మాత్రం ఫిబ్రవరి 19 నాటి 80వ సంచికలో అచ్చయింది. అంటే హుక్ విమర్శించింది అచ్చు పాఠాన్ని కాదు, చేతిరాత పాఠాన్ని. ఈ రెండూ ఒకటి కావు. రంగుల శాస్త్రం గణితబద్ధం అవుతుందని ఎవరూ ఊహించి ఉండరనీ, అయినా కాంతిశాస్త్రంలోని ఏ భాగానికైనా ఉన్నంత నిశ్చయం దీనికీ ఉందనీ న్యూటన్ ధీమాగా రాసిన భాగాన్ని అచ్చులో తీసేశారు. హుక్ కోపం చాలావరకు ఈ ధీమా మీదనే. ప్రయోగాలు నిజమేననీ, వాటినుంచి న్యూటన్ తీసిన ముగింపే అంత తప్పనిసరి కాదనీ అతని వాదన. అచ్చు ప్రతి మాత్రమే చదివినవారికి హుక్ లేనిదాన్ని ఊహించుకుని దెబ్బలాడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. హుక్ విమర్శ ఆనాడు అచ్చు కాలేదు. దానికి న్యూటన్ జూన్ 11న రాసిన పెద్ద జవాబు మాత్రం నవంబరు నాటి 88వ సంచికలో వచ్చింది, అదీ 'కొన్ని పరిశీలనలకు' జవాబు అన్న శీర్షికతో. ఆనాటి పాఠకుడు చదివింది ప్రశ్న లేని జవాబును. హుక్ మాటలు అచ్చులో చూడాలంటే 1757 దాకా, అంటే ఎనభై అయిదేళ్లు, ఆగాల్సి వచ్చింది. 1673లో డచ్చి పండితుడు హైగెన్స్ అభ్యంతరం వచ్చినప్పుడు కూడా పేరు వేయలేదు; 'ప్యారిస్‌లోని ఒక చతురుడు' రాసినదిగా వేశారు.

ఇప్పుడు నోటుపుస్తకంలోని నాలుగు గడులు పనికొస్తాయి. ఒక్కొక్క పాత్రధారి పేరు కింద, ఫలానా నెలనాటికి అతని ముందు ఏ కాగితం ఉందో రాయండి. 1672 మార్చిలో లండన్‌లోని హుక్ చదివిన న్యూటన్ వేరు, ప్యారిస్‌లో ఒక పాఠకుడు చదివిన న్యూటన్ వేరు. ఎవరు ఎవరిని అపార్థం చేసుకున్నారో తేల్చే ముందు ఎవరి చేతిలో ఏ పాఠం ఉందో తేల్చాలి.

అయిదో మెట్టు: వాళ్ల మాటలకు వాళ్ల అర్థమే ఇవ్వండి

ప్యారిస్‌లో ఇగ్నాస్ పార్డీ అనే జెసూట్ (ఒక క్యాథలిక్ సన్యాసి సంఘానికి చెందిన) అధ్యాపకుడు న్యూటన్ ఉత్తరం చదివి, 1672 వసంతంలో లాటిన్‌లో జవాబు రాశాడు. ఆయన దాన్ని మెచ్చుకుంటూ 'ఎంతో చతురమైన హైపోథీసిస్' అన్నాడు. మనకు అది పొగడ్త. న్యూటన్‌కు ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే ఆ కాలపు ఖగోళ గణితంలో ఆ మాటకు 'లెక్క కుదరడం కోసం అనుకున్నది, నిజమని హామీ లేనిది' అనే అర్థం బలంగా ఉండేది. తాను చెప్పింది కాంతికి ఉన్న ధర్మాలేననీ, ఊహ కాదనీ న్యూటన్ తిరిగి రాశాడు. పార్డీ సౌమ్యుడు, ఆ మాట తొందరలో నోటికి వచ్చిందే తప్ప చిన్నబుచ్చాలని కాదని చెప్పి, సందేహాలు తీరాక ఒప్పుకున్నాడు. మొత్తం చర్చలో ఇంత మర్యాదగా ముగిసిన ఘట్టం ఇదొక్కటే.

ఇలాంటి పదాలకు ఒక పట్టిక వేసుకోండి. 'సైంటిస్ట్' అనే ఇంగ్లీషు మాట 1830లలో పుట్టింది కాబట్టి వీళ్లను ఆ మాటతో పిలవకపోవడం మేలు. కొలతల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి: ప్యారిస్ అడుగు మన లెక్కలో సుమారు 32.5 సెంటీమీటర్లు, ఇంగ్లీషు అడుగు 30.5 లోపే.

ఆరో మెట్టు: అంకెలను మీ చేత్తో వేసి చూడండి

ఆ ఉత్తరాల్లో అంకెలు అలంకారానికి లేవు. న్యూటన్ కిటికీ తలుపుకు సుమారు పావు అంగుళం రంధ్రం పెట్టి, పట్టకం గుండా వచ్చిన ఎండను 22 అడుగుల దూరంలోని గోడ మీద పడనిచ్చాడు. గోడ మీది వర్ణపటం పొడవు సుమారు 13¼ అంగుళాలు, వెడల్పు 2⅝ అంగుళాలు.

ముందు వెడల్పును లెక్కగట్టండి. ఆకాశంలో సూర్యబింబం కోణం సుమారు 31 నిమిషాలు, అంటే దూరానికి 0.009 వంతు. 22 అడుగులంటే 264 అంగుళాలు, అందులో 0.009 వంతు 2.38. దానికి రంధ్రం పావు అంగుళం కలిపితే 2.63. రెండూ అయిదు ఎనిమిదో వంతులూ అంటే 2.625. వెడల్పు సూర్యుడి సైజుకు సరిగ్గా సరిపోయింది. పొడవు మాత్రం దానికి అయిదింతలు. అప్పటి వక్రీభవన సూత్రం ప్రకారం, పట్టకాన్ని రెండు వైపులా కిరణం సమానంగా వంగేలా నిలిపినప్పుడు, ఆ బొమ్మ గుండ్రంగా ఉండాలి. న్యూటన్ వాదనంతా ఈ ఒక్క వైరుధ్యం మీద నిలబడింది: రంగులు కనిపించడం ఎవరికీ కొత్త కాదు, బొమ్మ సాగడమే కొత్త. ఈ లెక్క వేయకుండా చదివినవారికి అతను రంగుల గురించి ఉత్తరం రాస్తూ పొడవు వెడల్పుల గొడవ ఎందుకు పెట్టుకున్నాడో బోధపడదు.

ఇంట్లోనూ చేయవచ్చు. తలుపులు మూసి గది చీకటి చేసి, అట్టముక్కకు పావు అంగుళం రంధ్రం చేసి కిటికీకి అంటించండి. పట్టకాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే గోడ మీది రంగులపట్టీ ఒక దిక్కుకు జరుగుతూ వెళ్లి, ఒక చోట ఆగి, వెనక్కి మళ్లుతుంది. మళ్లే చోటే పట్టకాన్ని నిలపాలి. మన ఇళ్లలో 22 అడుగుల ఖాళీ దొరకడం కష్టం కాబట్టి 11 అడుగులకు లెక్క మార్చుకుంటే వెడల్పు సుమారు 1.44 అంగుళాలు రావాలి. పట్టకం గుండా సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు, పిల్లలను చూడనివ్వవద్దు.

పొడవు దగ్గర మీకు న్యూటన్ అంకె రాకపోవచ్చు. మామూలు గాజుతో చేసిన 60 డిగ్రీల పట్టకమైతే వెడల్పుకు నాలుగింతలు కూడా రాకపోవచ్చు. నిరాశపడకండి, తర్వాతి మెట్టుకు కావలసింది అదే.

ఏడో మెట్టు: చర్చ ఆగనిచోట ఆగండి

1674లో లియెజ్ నగరం నుంచి ఫ్రాన్సిస్ లైనస్ అనే వృద్ధ జెసూట్ అభ్యంతరం పంపాడు. వాయుపీడనం విషయంలో 1661లోనే బాయిల్‌తో తలపడ్డవాడు ఇతను. బాయిల్ సూత్రంగా మనం చదువుకునేది బాయిల్ 1662లో ఇతనికిచ్చిన సమాధానంలోనే ఉంది. ఎండ తెరిపిగా ఉన్నప్పుడు బొమ్మ సాగదనీ, మేఘాల వల్లే సాగుతుందనీ లైనస్ అన్నాడు. అతను 1675లో కన్నుమూసినా వాదం ఆగలేదు, శిష్యులూ సహచరులూ అందుకున్నారు. చివరికి 1676 ఏప్రిల్ 27న రాయల్ సొసైటీ సభ ముందే ప్రయోగం చేసి, న్యూటన్ చెప్పినట్టే వస్తుందని చూశారు.

అయితే లైనస్ స్థానంలోకి వచ్చిన ఆంథనీ లూకాస్ జాగ్రత్తగల మనిషి. బొమ్మ సాగుతుందని ఒప్పుకున్నాడు, కానీ తన పట్టకంతో వెడల్పుకు మూడింతలు, మహా అయితే మూడున్నర ఇంతలే వచ్చిందన్నాడు. న్యూటన్ అతను సరిగా కొలవలేదనుకుని విసుక్కున్నాడు. మీ గోడ మీద ఇప్పుడే వచ్చిన అంకెను చూసుకోండి. లూకాస్ అబద్ధమాడలేదని మీకు తెలుస్తుంది. గాజును బట్టి రంగులు విడిపోయే మేర మారుతుంది, ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు. న్యూటన్ ఆ తేడాను పట్టించుకుని ఉంటే రంగుల అంచులు లేని కటకం సాధ్యమేనని ఊహించి ఉండేవాడేమో. లండన్‌లో కటకాలు తయారుచేసే డాలండ్ రెండు రకాల గాజు కలిపిన అలాంటి కటకానికి 1758లో పేటెంటు తీసుకున్నాడు. చర్చలో ఓడినట్టు కనిపించేవారి అంకెలను ఎప్పుడూ కొట్టివేయవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే.

ప్రయోగం ఎదుట చేసి చూపలేనప్పుడు సాక్షులు వచ్చేవారు. డెల్ఫ్ట్ బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ నీటిలో సూక్ష్మజీవులను చూశానని 1676 అక్టోబరులో డచ్చి భాషలో రాస్తే, ఓల్డెన్‌బర్గ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1677 మార్చిలో అచ్చువేశాడు. నమ్మనివారి కోసం లేవెన్‌హుక్ ఎనిమిది మంది పెద్దమనుషుల సాక్ష్యాలు పంపాడు, నవంబరులో హుక్ సూక్ష్మదర్శినితో సభకు చూపించాడు. సాక్షుల వృత్తులు, హోదాలు రాసిపెట్టుకోండి, ఆ కాలంలో ఎవరి మాట చెల్లుబాటయ్యేదో తెలుస్తుంది.

అర్థంకాని అక్షరాల గుంపు కనిపిస్తే ముద్రణ దోషం అనుకోవద్దు. కనిపెట్టింది తానే ముందని దాచుకోవడానికి వాక్యంలోని అక్షరాలను అకారాది క్రమంలో పెట్టి అచ్చు వేసేవారు. స్ప్రింగు సాగుదల గురించిన తన సూత్రాన్ని హుక్ 1676లో అలా దాచి, 1678లో విప్పాడు.

చివరి మెట్టు: ఉత్తరం రాయనివారిని వెతకండి

ఈ మెట్టుకు మన నేల నుంచే ఉదాహరణ ఉంది. 1677లో ట్రాన్సాక్షన్స్‌లో వజ్రాల గనుల గురించి ఒక వర్ణన అచ్చయింది. సభకు సమర్పించినవాడిగా ఇంగ్లండు ఎర్ల్ మార్షల్ అనే ఉన్నత రాజోద్యోగి హోదా శీర్షికలో ఉంది. గనుల దగ్గరికి వెళ్లి చూసినవాడి పేరు శీర్షికలో లేదు. మట్టి కడిగినవారి పేరు ఎక్కడా లేదు. బాయిల్ వంటివారికి వజ్రం అప్పటికే పెద్ద ప్రశ్న. 1663లోనే చీకట్లో మెరిసే ఒక వజ్రాన్ని అతను పరీక్షించి రాశాడు. ఆ ప్రశ్నకు కావలసిన రాయి గోల్కొండ రాజ్యం నుంచి వెళ్లింది.

ఈ వ్యాసాన్ని పైన చెప్పిన మెట్లతోనే చదవండి, ఒకటి మాత్రం కలపండి. ఊళ్ల పేర్లను బిగ్గరగా పలకండి. 'క్వొలూర్' అన్నట్టుగా రాసినది మన కొల్లూరు, పల్నాడులో కృష్ణ ఒడ్డున ఉండి ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగిన ఊరు. ఇంగ్లీషు పాఠకుడికి అవి వింత అక్షరాలు, తెలుగు చెవికి చాలావరకు విడిపోతాయి. అలా ఒక్కొక్క పేరునూ గుర్తుపట్టి, పక్కన మట్టి రంగు, తవ్వే తీరు, కడిగే తీరు రాసుకోండి. ఆ వివరాల్లో రాసినవాడు కంటితో చూసినవి ఏవి, అక్కడివారిని అడిగితేనే తెలిసేవి ఏవి అని రెండు వరసలుగా విడదీయండి. రెండో వరసలో చేరిన ప్రతి వివరం వెనకా తెలుగులో జవాబిచ్చిన ఒక మనిషి ఉండే అవకాశం ఉంది కనుక, నోటుపుస్తకంలో ఆ మనిషికీ ఒక గడి గీసి, పేరు స్థానాన్ని ఖాళీగా ఉంచండి.